థీసిస్ మొదటి పేజీ: మాస్టారికీ శిష్యురాలికీ మధ్య ఒక సంవాదం

ఇద్దరూ ఇంగ్లీషు చెప్పేవాళ్లే. మాస్టారు డిగ్రీ కాలేజీలో పాఠం చెప్పి రిటైరయ్యారు. హైదరాబాద్‌లో అందరూ సీఫెల్ అని పిలిచిన సంస్థలో (ఇప్పటి ఇఫ్లూ) శిక్షణ పొందిన తరం. శిష్యురాలు ఆయన దగ్గరే చదువుకుని, ఇప్పుడొక విశ్వవిద్యాలయంలో పీహెచ్‌డీ విద్యార్థులకు థీసిస్ రాయడం నేర్పుతోంది. ఆ విద్యార్థుల్లో చాలామంది తమ ఇంట్లో మొట్టమొదట కాలేజీ గడప తొక్కినవాళ్లు. వేరుశనగ తెగుళ్ల మీద పనిచేస్తున్న ఒక అబ్బాయి థీసిస్ తొలి పేజీ దగ్గర వీళ్ల వాదన మొదలైంది. నా మొగ్గు శిష్యురాలి వైపే. అయినా మాస్టారు అడిగిన వాటిలో ఒక ప్రశ్నకు ఆమె దగ్గర పూర్తి జవాబు లేదనిపించింది. అది ఏదో చదివితే తెలుస్తుంది.

మాస్టారు: పేజీ చదివానమ్మా. మొదటి వాక్యం "భారతదేశం వ్యవసాయ ప్రధాన దేశం". రెండోది, జనంలో ఎక్కువమంది సేద్యం మీద బతుకుతున్నారని. మూడోది, వేరుశనగ ముఖ్యమైన నూనెగింజల పంట అని. పేజీ తిప్పితే గానీ ఆకుమచ్చ తెగులు ఊసే లేదు. ఈ అబ్బాయిది అనంతపురం వైపు పల్లె అని నువ్వే అన్నావు. ఆ ఆకుమచ్చ (తిక్క) తెగులు సోకి ఆకు రాలి మోడైన చేను చిన్నప్పటి నుంచి చూసే ఉంటాడు. ఆ చూసినది ఒక్క ముక్కైనా ఇందులో ఉందా?

శిష్యురాలు: లేదు సార్. కానీ అతన్ని తప్పుపట్టలేం. పదో తరగతి దాకా వ్యాసమంటే ఉపోద్ఘాతం, విషయ వివరణ, ముగింపు అని నేర్పారు. ఉపోద్ఘాతం ఎంత పెద్ద మాటతో మొదలైతే అన్ని మార్కులు. ఆ అలవాటే పీహెచ్‌డీ దాకా నడిచొచ్చింది. ఈ పేజీ ఎవరు చదువుతారు, చదివేవాళ్లు ఏం వెతుకుతారు అన్నది అతనికి ఒక్కరూ చెప్పలేదు. అందుకే నేను స్వేల్స్ పద్ధతి చూపించాను.

మాస్టారు: ఆ మూడు అడుగులేనా?

శిష్యురాలు: అవే. జాన్ స్వేల్స్ సూడాన్‌లో, ఖార్టూమ్ విశ్వవిద్యాలయంలో, ఇంగ్లీషు మాతృభాష కాని పిల్లలకు చెప్పిన మనిషి. 1981లో రకరకాల శాస్త్రాల నుంచి 48 పరిశోధన వ్యాసాల ఉపోద్ఘాతాలు తీసి, ఏ వాక్యం ఏం పని చేస్తోందో పరిశీలించాడు. 1990లో వచ్చిన పుస్తకంలో దాన్ని మూడు అడుగులకు కుదించాడు. ఈ విషయం మీద పని జరుగుతోంది, ఇది పట్టించుకోదగ్గది అని ముందు చూపించాలి. అందులో తేలకుండా మిగిలింది ఒకటుందని తర్వాత చూపించాలి. దాన్ని నేను తేలుస్తున్నానని ఆఖర్న చెప్పాలి. మన అబ్బాయికి అతని సబ్జెక్టులోనే మూడు పేపర్లిచ్చి, ఒక్కో అడుగుకూ ఒక్కో రంగు పెన్సిల్‌తో గీత గీయమన్నాను. గీశాక తన పేజీ మీద కూడా గీయమన్నాను. రెండో రంగు, మూడో రంగు వాడే అవసరమే రాలేదు. అప్పుడు నేనేమీ చెప్పనక్కర్లేకపోయింది. వారం తిరక్కుండా ఇది రాసుకొచ్చాడు, చూడండి.

మాస్టారు: (చదువుతూ) "వేరుశనగలో ముందుగా వచ్చే ఆకుమచ్చ, ఆలస్యంగా వచ్చే ఆకుమచ్చ రెండూ కలిసి ఆకులు రాల్చి దిగుబడి తగ్గిస్తాయి. మందు ఎప్పుడు చల్లాలన్నది ఎక్కువగా విత్తిన రోజు నుంచి లెక్కగట్టి చెబుతున్నారు. అయితే తెగులు ముదరడానికి ఆకు మీద తడి నిలవడం ముఖ్యం. వర్షాధార భూముల్లో అది ఏడాదికొక తీరుగా ఉంటుంది. రోజుల లెక్క ఈ భూముల్లో ఎంతవరకు పనికొస్తుందో పరీక్షించిన పని తక్కువ. ఈ పరిశోధన ఆ పరీక్ష చేస్తుంది." బాగుందమ్మా. మొదటిదానికీ దీనికీ పోలికే లేదు. నాలుగో వాక్యం మాత్రం నాకు మింగుడు పడటం లేదు.

శిష్యురాలు: "పరీక్షించిన పని తక్కువ" అన్నదా?

మాస్టారు: అదే. తక్కువని అతనికెలా తెలిసింది? పటాన్‌చెరులో ఇక్రిశాట్ పరిశోధన సంస్థ దశాబ్దాలుగా వేరుశనగ మీద పనిచేస్తోంది. కదిరిలో వేరుశనగకు పేరుపడ్డ పరిశోధన కేంద్రముంది. వాళ్ల నివేదికలు తిరగేశాడా? లేక రెండో రంగు పెన్సిల్‌కి పని కల్పించాలి కాబట్టి అక్కడొక ఖాళీ సృష్టించాడా? నీ పద్ధతితో నాకున్న పేచీ ఇదే. ఖాళీ చూపించాలని చెప్పగానే పిల్లలు ఖాళీ తయారుచేస్తారు. నేను చూసిన థీసిసుల్లో సగం "ఈ అంశం మీద తగినంత పరిశోధన జరగలేదు" అనే మాట మీదే నిలబడ్డాయి. రాసినవాడు వెతకలేదు. చదివినవాడు అడగలేదు.

శిష్యురాలు: మీరు చెప్పింది జరుగుతోంది, నేనూ చూస్తున్నాను. కానీ ఒకటి గమనించండి. పాత పేజీ మీద మీరు ఈ ప్రశ్న అడగలేకపోయారు. "భారతదేశం వ్యవసాయ ప్రధాన దేశం" అన్నవాణ్ణి నీకెలా తెలుసని ఎవరడుగుతారు? ఈ పేజీలో అతను నిలదీయడానికి వీలున్న ఒక మాట అన్నాడు. మీరు నిలదీశారు.

మాస్టారు: ఒప్పుకుంటాను. అయినా ఆ మాట అతని లోపలి నుంచి పుట్టిందా, పైనుంచి దిగిందా అన్నది నాకు ముఖ్యం. మేం ఉద్యోగంలో చేరిన రోజుల్లో స్ట్రక్చరల్ అప్రోచ్ రాజ్యమేలుతోంది. ఒక వాక్య నిర్మాణం తీసుకోవడం, బల్ల మీద పుస్తకం పెట్టడం, క్లాసంతా కలిసి నలభైసార్లు అనిపించడం. పిల్లలు క్లాసులో తప్పు లేకుండా అనేవాళ్లు. బయటికెళ్లాక ఒక్క మాట సొంతంగా అనలేకపోయేవాళ్లు. అది చూసే కదా ఎన్.ఎస్. ప్రభు బెంగళూరు ప్రాజెక్టు మొదలుపెట్టింది! 1979 నుంచి 1984 దాకా దక్షిణాది బడుల్లో, మామూలు క్లాసుల్లో నడిచింది. వ్యాకరణం వరుస పెట్టి చెప్పలేదు. రైల్వే టైంటేబుల్ ఇచ్చి, ఫలానా ఊరికి సాయంత్రంలోగా చేరాలంటే ఏ బండి ఎక్కాలో చెప్పమన్నారు. మ్యాపులిచ్చి దారి చెప్పమన్నారు. పిల్లల బుర్ర లెక్క తేల్చడం మీద ఉంటే భాష దాని వెనకాలే వస్తుందని ఆయన నమ్మకం. నాదీ అదే నమ్మకం. ఆలోచన తేలితే వాక్యం దానంతటదే వరసలో పడుతుంది.

శిష్యురాలు: ప్రభు గారి మీద నాకూ గౌరవముంది. కానీ ఆయన క్లాసులో కూర్చున్నది బడి పిల్లలు. వాళ్ల ముందు చాలా ఏళ్లున్నాయి. రైల్వే టైంటేబుల్లో జవాబు సరైందో కాదో బండి టైమే చెప్పేస్తుంది. మా వాడి ముందున్నవి మూడేళ్లు, ఫెలోషిప్పు గడువు, మొహం కూడా చూడని ఎగ్జామినరు. ఆ ఎగ్జామినరు మనసులో ఏముందో ఆలోచనలోంచి దానంతటది పుట్టదు. అది ఆ వృత్తిలో ఉన్నవాళ్ల మధ్య కుదిరిన పద్ధతి. లోపల ఉన్నవాళ్లకు గాలిలా అలవాటైపోయింది. బయటి నుంచి వచ్చినవాడికి ఎవరైనా నోరు విప్పి చెప్పాలి.

మాస్టారు: నోరు విప్పి చెబితే సూత్రమైపోతుంది.

శిష్యురాలు: చెప్పకపోతే అది ఇంట్లో పుస్తకాలున్న పిల్లలకే దక్కుతుంది సార్! ఈ గొడవ అమెరికాలో ఇప్పటికే ఒకసారి జరిగింది. 1972లో డొనాల్డ్ మర్రే అనే ఆయన, రాసిన సరుకును దిద్దడం మానండి, రాసే క్రమాన్ని నేర్పండి అన్నాడు. చిత్తు రాయనివ్వండి, తిరగరాయనివ్వండి, పిల్లవాడు తన గొంతు తను వెతుక్కుంటాడు అన్నాడు. మంచి మాట, ఎన్నో క్లాసులు దాంతో బాగుపడ్డాయి. కానీ 1988లో లీసా డెల్పిట్ అనే నల్లజాతి అధ్యాపకురాలు దీన్ని నిలదీస్తూ పెద్ద వ్యాసం రాసింది. అధికారం ఉన్న చోట నడిచే పద్ధతులు తెలిసిన ఇళ్ల పిల్లలకు ఈ స్వేచ్ఛ సరిపోతుంది, తెలియని ఇళ్ల పిల్లలకు మాత్రం ఆ పద్ధతులు విప్పి చెప్పాల్సిందే, చెప్పకపోవడం వాళ్లకు తలుపు మూయడమే అన్నది ఆమె వాదన. ఆస్ట్రేలియాలో జిమ్ మార్టిన్ వాళ్లు కూడా వెనకబడిన పేటల బడుల్లో అదే చేశారు. ముందు ఒక మంచి పాఠాన్ని అందరూ కలిసి విప్పి చూడటం, తర్వాత టీచరూ పిల్లలూ కలిసి బోర్డు మీద ఒకటి రాయడం, ఆ తర్వాతే పిల్లవాడు ఒంటరిగా రాయడం. మధ్యలో ఉన్న ఆ కలిసి రాయడమే నాకు అన్నిటికన్నా ముఖ్యం. బోర్డు ముందు నిలబడి, ఈ వాక్యం ఇక్కడెందుకు, అక్కడెందుకు కాదు అని అందరం పోట్లాడుకుంటాం. రంగు పెన్సిళ్లు మొదటి రోజుకే.

మాస్టారు: ఆ పోట్లాట సంగతి నువ్వు ముందే చెప్పాల్సింది. నేను గీతలు గీయించడమే పాఠమనుకున్నాను.

(ఇక్కడ మాస్టారు కాస్త మెత్తబడ్డారు. కానీ వదల్లేదు.)

మాస్టారు: సరే, అసలు ఆకారం సంగతికి వద్దాం. నువ్వు నేర్పే ఆ చట్రం, ఉపోద్ఘాతం, పద్ధతి, ఫలితాలు, చర్చ, అది ఆలోచన నడిచిన దారేనా? 1960లో నోబెల్ అందుకున్న పీటర్ మెడవార్ 1963లో రేడియోలో చేసిన ప్రసంగానికి పెట్టిన పేరే, శాస్త్ర వ్యాసం మోసమా అని. మోసమేనని ఆయన తేల్చాడు. శాస్త్రవేత్త ముందు ఒక ఊహతో బయల్దేరతాడు, దాన్ని పట్టుకునే ప్రయోగం చేస్తాడు. వ్యాసంలో మాత్రం ఏమీ తెలియనట్టు వివరాలు పోగేసి, చివర్న చర్చలో అర్థం దొరికినట్టు రాస్తాడు. ఆ నటన పిల్లలకెందుకు?

శిష్యురాలు: నటన అనను. డైరీ వేరు, నివేదిక వేరు. మన భీమవరం మనిషి యల్లాప్రగడ సుబ్బారావు, ఫిస్కే అనే ప్రొఫెసరుతో కలిసి 1925లో భాస్వరం కొలిచే రంగు పద్ధతి మీద వ్యాసం రాశారు. దశాబ్దాల పాటు ప్రయోగశాలల్లో ఆ పద్ధతి వాడారు. ఆ వ్యాసం తెరిచినవాళ్లలో ఎక్కువమందికి కావలసింది ఏ ద్రావణం ఎంత కలపాలన్నది. వాళ్లకు ఆ సంగతి ఎక్కడుందో వెంటనే దొరకాలి. పద్ధతికి విడిగా ఒక చోటు కేటాయించడంలో ఉన్న లాభం అదే. ఇంకో శాస్త్రవేత్త అదే ప్రయోగం చేసి చూసుకోవచ్చు. ఫలితాలను చర్చ నుంచి విడదీయడంలో ఇంకా పెద్ద లాభముంది. నేను చూసింది ఇది, దాని గురించి నేను అనుకుంటున్నది ఇది అని రెంటినీ విడగొట్టక తప్పదు. మా వాడు మొదటి చిత్తులో ఏం రాశాడో తెలుసా? "మచ్చలు విపరీతంగా పెరిగి రైతుకు తీరని నష్టం చేశాయి." ఇది ఫలితమా, అభిప్రాయమా అనడిగితే చాలాసేపు జవాబు చెప్పలేదు. ఎన్ని మొక్కల్లో, ఎన్ని ఆకుల మీద, ఏ రోజున లెక్కపెట్టాడో ఫలితాల్లోకి వెళ్లింది. తీరని నష్టం అన్నది చర్చకు వెళ్లి, అక్కడ దిగుబడి లెక్కల ముందు నిలబడలేక రాలిపోయింది.

మాస్టారు: రాలిపోయింది కానీ, అక్కడ అతని బాధ కూడా రాలిపోయింది. అది వాళ్ల నాన్న చేను.

శిష్యురాలు: బాధ రాలలేదు సార్. ఆ బాధ ఉండబట్టే మందు చల్లే రోజుల లెక్క మీద అతనికి అనుమానం పుట్టింది. అది పరిశోధన ప్రశ్నలోకి వెళ్లింది.

మాస్టారు: ఊఁ. అయితే ఇంకొకటి. ఈ చట్రాన్ని అనాదిగా ఉన్నట్టు నేర్పుతున్నారు. 1953లో వాట్సన్, క్రిక్ డీఎన్ఏ నిర్మాణం చెప్పిన వ్యాసం ఒక పేజీకి కాస్త ఎక్కువ. అందులో నీ నాలుగు అరలు లేవు. 1928లో రామన్, కృష్ణన్ కొత్త కాంతి సంగతి చెప్పింది చిన్న ఉత్తరంలో.

శిష్యురాలు: నిజమే. పెద్ద వైద్య పత్రికల పాత సంచికలు తిరగేసి చూసినవాళ్లకు తేలింది ఏమిటంటే, ఈ నాలుగు అరలు 1940ల్లో కనిపించడం మొదలై, 1980లకు వచ్చేసరికి అసలు పరిశోధన వ్యాసాలన్నీ ఆ తీరులోకే వచ్చేశాయి. ఈ చరిత్ర నేను క్లాసులో చెబుతాను. ఇది మనుషులు కుదుర్చుకున్నది, రేపు మార్చుకోనూ వచ్చు అని తెలిసినవాడు దాన్ని చూసి బెదరడు. చరిత్ర థీసిసుకూ సాహిత్యం థీసిసుకూ ఈ అరలు పనికిరావని కూడా చెబుతాను. తెలుగు ఎం.ఏ. చదివి వచ్చిన ఒకమ్మాయి నవలల మీద చేస్తున్న పనిని "పద్ధతులు, ఫలితాలు" కింద విడగొట్టమని వాళ్ల డిపార్ట్‌మెంట్ ఇచ్చిన నమూనా కాగితం చూసి నాకు నిజంగా కోపమొచ్చింది. చట్రం ఎవరి ప్రశ్నకు పుట్టిందో మరిచిపోతే ఇలాగే అవుతుంది.

మాస్టారు: ఎవరి ప్రశ్నకు పుట్టిందో! అమ్మాయ్, ఇక్కడ నువ్వు నా దగ్గరికొచ్చావు. రాబర్ట్ కాప్లాన్ అని ఒకాయన 1966లో బొమ్మలు గీశాడు. ఇంగ్లీషువాళ్ల ఆలోచన తిన్నగా గీత గీసినట్టు నడుస్తుందట, తూర్పు దేశాలవాళ్లది సుడులు తిరుగుతుందట. మా శిక్షణలో అది పాఠంగా చెప్పారు. అప్పుడూ ఒళ్లు మండింది, ఇప్పుడూ మండుతోంది. మన శాస్త్రగ్రంథం మొదట్లోనే నాలుగు సంగతులు చెప్పాలి: విషయమేమిటి, ప్రయోజనమేమిటి, గ్రంథానికీ విషయానికీ సంబంధమేమిటి, చదవడానికి అధికారి ఎవరు. అనుబంధ చతుష్టయం. మీమాంసలో ఒక అధికరణం తీసుకో: విషయం, సంశయం, పూర్వపక్షం, సిద్ధాంతం, సంగతి. అర్థశాస్త్రం ఆఖరి అధికరణమంతా గ్రంథరచనకు 32 తంత్రయుక్తుల పట్టికే. ఇది సుడులు తిరిగే జాతి చేసే పనా? మన పిల్లలకు స్వేల్స్ నుంచి మూడు అడుగులు తెచ్చేముందు ఇది చూపించొద్దా?

శిష్యురాలు: కాప్లాన్ విషయంలో మీ కోపం నాదీ. ఆయన కూడా తర్వాతి రోజుల్లో ఆ మాట సడలించుకున్నాడు. మా వాడు "భారతదేశం వ్యవసాయ ప్రధాన దేశం" అని రాసింది తూర్పు మనసు వల్ల కాదు, మన బడి మార్కుల వల్ల. అధికరణాన్ని నేను తప్పకుండా వాడుకుంటాను. కానీ దాన్నీ స్వేల్స్ అడుగులనూ ఒకటే అనేయకూడదు. పూర్వపక్షంలో ఎదుటివాడు ఉంటాడు, అతని వాదాన్ని అతనికన్నా బలంగా చెప్పి ఆ తర్వాత ఖండించాలి. స్వేల్స్ రెండో అడుగులో ఎదుటివాడు లేకపోయినా ఫరవాలేదు, ఖాళీ ఉంటే చాలు.

మాస్టారు: మన జబ్బంతా అక్కడే ఉంది! ఎదుటివాడు లేడు కాబట్టే "పని తక్కువ" అని తేలిగ్గా రాసేస్తున్నారు. అక్కడ పూర్వపక్షం పెట్టించు. "రోజుల లెక్క చాలు" అనే శాస్త్రవేత్త ఏం చెబుతాడో అతని తరఫున వాదించమను. మందు కొట్టే రోజు ముందే తెలిస్తే రైతు డబ్బు సమకూర్చుకోగలడు, ట్యాంకు బాడుగకు చెప్పుకోగలడు, ఆకు తడి కొలిచే పరికరం ప్రతి చేలోనూ ఉండదు. ఇవన్నీ గట్టి మాటలే. వీటికి జవాబు చెప్పగలిగినవాడికే ఖాళీ చూపించే హక్కు.

శిష్యురాలు: ఇది నేను చేయలేదు. చేయాలి.

మాస్టారు: ఇంకో కారణం కూడా ఉంది. ఇవాళ చాట్‌జీపీటీని అడిగితే నీ మూడు అడుగుల ఉపోద్ఘాతం నిమిషంలో రాసిస్తుంది. రంగులు కూడా సరిగ్గా పడతాయి. ఖాళీ అదే చూపిస్తుంది, లేని పేపర్లకు పేర్లు కూడా అదే పెడుతుంది. ఆకారం అంత చవకైపోయాక ఆకారాన్నే పాఠంగా చెబితే, నీ క్లాసులో మిగిలేదేమిటి?

శిష్యురాలు: ఈ ప్రశ్నకు నా దగ్గర సగం జవాబే ఉంది. ఆకారం తెలియనివాడు యంత్రం ఇచ్చినది చూసి ఇదే బాగుందనుకుంటాడు. తెలిసినవాడు, రెండో అడుగు ఇక్కడ ఉత్త మాటగా ఉందని పట్టుకోగలడు. చదవడానికైనా అది రావాలి. రాయించడానికి మాత్రం, మీరన్నట్టు, అది ఒక్కటే చాలదు.

మాస్టారు: చాలదు. నేనైతే ఇలా చేస్తాను. ఇంగ్లీషు పక్కన పెట్టి, వాళ్ల నాన్నకు చెప్పినట్టు తెలుగులో చెప్పమంటాను: నాయనా, నేను ఆకుల మీద మచ్చలు ఎందుకు లెక్కపెడుతున్నానంటే... అని. అక్కడ దొంగమాట నిలవదు. రైతు పట్టేస్తాడు.

శిష్యురాలు: కొన్ని పట్టేస్తాడు. నీకన్నా ముందు ఈ పని ఎవరు చేశారని నాన్న అడగడు. నీ లెక్కలో పొరపాటుకు ఎంత చోటుందని అడగడు. అది అడిగేవాళ్ల కోసం రాయడం వేరే విద్య. అందుకని నాన్నకు చెప్పినట్టు ఒకసారి, ఎగ్జామినరుకు చెప్పినట్టు ఒకసారి, రెండూ తెలుగులోనే చెప్పిస్తాను. ఆ తర్వాత ఇంగ్లీషు. కానీ మూడు అడుగులు మాత్రం మొదటి వారంలోనే చూపిస్తాను. దాన్ని వెనక్కి జరపను.

మాస్టారు: నేనైతే నెల తర్వాత చూపిస్తాను.

శిష్యురాలు: నెలలో వాళ్లు మళ్లీ వ్యవసాయ ప్రధాన దేశం రాసుకొస్తారు సార్.

మాస్టారు: రాయనీ. తామేం చెప్పలేకపోతున్నారో తెలిశాక చూపిస్తే ఒంటబడుతుంది. సరే, ఇది తేలేది కాదు. ఈ అబ్బాయిని బుధవారం పంపు. నేను రోజుల లెక్క వాళ్ల తరఫున వాదిస్తాను, అతన్ని జవాబు చెప్పమను. వచ్చేటప్పుడు, ఆ నాలుగో వాక్యం ఏమేం చదివి రాశాడో జాబితా తెమ్మను. అందులో కదిరి నివేదికలు లేకపోతే ఆ వాక్యం కొట్టేస్తాను.

శిష్యురాలు: కొట్టేయండి. కానీ అతన్ని ఉత్త చేతులతో పంపకండి. ఆ వాక్యం పోయాక అక్కడ ఏం రావాలో మీ ఎదుటే రాయించండి. నేనూ వస్తాను.